బండి వేడి – డ్రైవరు వేడి

లారీ ఇంజను వేడెక్కినచో డ్రైవరు ఎదుటనున్న మీటరులో ముల్లు పైకి లేచును. ముల్లు ఎఱ్ఱగీతను చేరకమునుపే అతడు బండిని నీడకు మళ్లించి, ఇంజను చల్లారువరకు వేచియుండి, రేడియేటరులో నీరు సరిచూచుకొని గాని కదలడు. ఇంజనునకు చూపు ఈ మన్నన అతడు తన దేహమునకు చూపుట అరుదు. డ్రైవరు వేడెక్కినపుడు పైకి లేచుటకు ముల్లు లేదు. హెచ్చరించుటకు ఎఱ్ఱగీత లేదు. పైగా ఇంజను వేడెక్కినచో బండి మాత్రమే నిలిచిపోవును. డ్రైవరు వేడెక్కినచో బండి నిలువదు. చూపు మందగించినవాని చేతిలో పరుగిడుచునే యుండును. అసలు ప్రమాదమంతయు ఇందే కలదు.

నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల వారికి ఈ విషయము దూరపు ముచ్చట కాదు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయరహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా పాత నల్లగొండ జిల్లాను ఈ కొసనుండి ఆ కొసకు చీల్చుకొని పోవుచున్నది. బెంగుళూరునకు పోవు 44వ నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా పాత పాలమూరు జిల్లాను దాటి, బీచుపల్లికడ కృష్ణను దాటి, కర్నూలు చేరుచున్నది. ఇరువైపుల రాతిగుట్టలు, పలుచని మట్టి, నడుమ నడుమ తుమ్మచెట్లు. మేనెల మధ్యాహ్నము ఎండ మీదినుండి మాత్రమే దిగదు. తారునుండి, బండలనుండి ఎదురు లేచి వచ్చును. 2015 మే నెలలో వీచిన వడగాలులకు దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. నల్లగొండ జిల్లా కూడ ఆ యేడు పలువురిని కోల్పోయినది.

రేడియోలో మేము వాతావరణ విశేషములు చదువునపుడు “నల్లగొండలో గరిష్ఠ ఉష్ణోగ్రత 44 డిగ్రీలు” అని ఒక అంకె చెప్పి ముందుకు సాగుదుము. ఆ అంకె ఎట్లు వచ్చినదో శ్రోతలు తెలిసికొనుట మంచిది. అది గాలి చొరబడు రెక్కలుగల తెల్లని చెక్కపెట్టెలో, నేలకు నాలుగైదడుగుల ఎత్తున, నీడలో నుంచిన ఉష్ణమాపకము చూపిన అంకె. అది గాలి వేడియే గాని ఎండవేడి కాదు. డ్రైవరు కూర్చుండునది ఆ తెల్లపెట్టెలో కాదు. అతనికి ఎదుట పెద్ద అద్దము, తలపై రేకు, ప్రక్కనో కాళ్లకడనో ఇంజను. ఎండలో నిలిపియుంచిన క్యాబినులో వేడి బయటి గాలికంటె పది పదిహేను డిగ్రీలు సునాయాసముగా మించిపోవును. కావున వార్తలలోని 44 డిగ్రీలు అతని విషయమున లెక్కకు మొదలే గాని తుది కాదు.

ఈ స్థితిలో మనిషిని ఎట్లు కాపాడవలెనన్న ప్రశ్నకు మిక్కిలి శ్రద్ధతో జవాబు వెదకినవారు కారు పందెగాండ్రు. అందునను గంటలకొలది ఆగక సాగు దీర్ఘపందెములవారు. ఫ్రాన్సు దేశమున లెమాన్ పట్టణములో 1923లో మొదలైన ఇరువదినాలుగు గంటల పందెము వీనిలో సుప్రసిద్ధము. ధనవంతులకే గాక సామాన్యులకు కూడ ఇట్టి పందెములు కలవు. 2006లో కాలిఫోర్నియాలో ‘లెమన్స్’ అను వినోదపు పేరుతో ఒక పందెము మొదలైనది. అమెరికాలో పనికిమాలిన కారును ‘లెమన్’, అనగా నిమ్మకాయ, అని ఎగతాళి చేయుదురు. భద్రతకై పెట్టిన ఖర్చు విడిచి, 500 డాలర్లకు మించని పాతకారును నలుగురైదుగురు మిత్రులు కలిసి బాగుచేసికొని, వంతులవారీగా నడుపుదురు. జీతముగల వైద్యులుగాని, నిపుణులగు ఇంజనీర్లుగాని వారికి ఉండరు. ఉన్నంతలో తమ డ్రైవరును తామే చల్లగా నుంచుకొనవలెను. కావుననే వారి అనుభవము మన లారీ డ్రైవరునకు, బస్సు డ్రైవరునకు దగ్గరగా నుండును.

పందెములు మన రాజధానికిని వచ్చినవి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్కార్ల ప్రపంచపందెము జరిగినది. అది ఫిబ్రవరిలో జరిగిన సంగతి గమనింపదగినది. పందెమునకు చల్లని నెలను ఎన్నుకొనవచ్చును. సరుకుబండికి, ప్రయాణీకుల బస్సునకు ఆ వెసులుబాటు లేదు.

ఉపాయములు చెప్పుటకు ముందు దేహపు జమాఖర్చు ఒకింత చూడవలెను. మన దేహము సుమారు 37 డిగ్రీలకడ నిలిచియుండవలెను. బండి నడుపునపుడు డ్రైవరు కండరములు, అవయవములు గంటకు సుమారు 150నుండి 200 కిలోకాలరీల వేడిని పుట్టించును. పందెపు డ్రైవరు విషయమున ఇది రెండింతలకు పైబడవచ్చును. ఇది జమ. చల్లనినాడు ఈ వేడి చర్మమునుండి గాలిలోనికి తనంత తానే పోవును. కాని చర్మపు వేడి 35 డిగ్రీల ప్రాంతమున నుండును. గాలి 43 డిగ్రీలున్ననాడు వేడి బయటికి పోదు సరికదా, గాలినుండియే దేహములోనికి వచ్చును. అప్పుడు ఖర్చు చేయుటకు మిగిలిన ద్వారము ఒక్కటే: చెమట.

చెమట కారుటవలన దేహము చల్లబడదు. చెమట ఆరుటవలన చల్లబడును. ఈ భేదమే ఈ వ్యాసమునకు మూలము. ఒక లీటరు చెమట చర్మముపై పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకాలరీల వేడిని తనతో కొనిపోవును. అదే చెమట బొట్లు బొట్లుగా నేలరాలినచో కొనిపోవునది దాదాపు ఏమియు లేదు. నీరు పోయినది, చలువ దక్కలేదు.

పందెపు డ్రైవరు చిక్కు ఇక్కడనే కలదు. అగ్నిప్రమాదమునకు భయపడి అతడు మంట అంటుకొనని బట్టతో కుట్టిన పలుపొరల దుస్తులు, చేతితొడుగులు, శిరస్త్రాణము ధరించును. చెమట పట్టును గాని ఆరదు. బరువు తగ్గించుటకు కారులోని చలువయంత్రమును ముందే ఊడదీసియుందురు. అందుచేత వారు మంచును ఆశ్రయించిరి. అంటిపెట్టుకొనియుండు ఒక బనియను; దానిపై వంకరలు తిరుగుచు కుట్టిన సన్నని గొట్టములు; సీటు వెనుక మంచుగడ్డలు, నీరు నిండిన పెట్టె; అందులో చిన్న మోటారు. మంచునీరు ఛాతీ మీదను వీపు మీదను ప్రవహించి, వేడిని మోసికొని మరల పెట్టెను చేరును. ఇది మంచి సాధనమే. కాని మోటారు ఆగిపోయినచో గొట్టములలోని నీరు నిలిచి కాగును. చలువ బనియను వేడి కంబళియగును. కావున అది చెడినవెంటనే గొట్టమును ఊడదీయుటకు వీలుగా ముందే అమర్చుకొందురు.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక కిలో మంచు కరగుటకు 80 కిలోకాలరీల వేడి కావలెను. అయిదు కిలోల మంచు కరగినచో 400. ఒక లీటరు చెమట ఆరినచో 580. అనగా డ్రైవరు చర్మముపై ఆరిన ఒక్క లీటరు చెమట ఏడు కిలోల మంచుతో సమానము. మన డ్రైవరు తొడిగినది నూలు చొక్కా; అతని ప్రక్కన కిటికీ కలదు. పందెగాడు పెట్టెడు మంచు మోసి సాధించుదానిని మన డ్రైవరునకు ప్రకృతి ఉచితముగా ఇచ్చినది. దానిని చెడగొట్టుకొనకుండుటయే అతడు చేయవలసిన పని.

ఇందు మన మెట్టప్రాంతపు ఎండకు ఒక సుగుణము కలదు. అది పొడియెండ. గాలి వేడి 43 డిగ్రీలు, గాలిలో తేమ నూటికి ఇరువదిపాళ్లు ఉన్నపుడు గాలికి పట్టిన తడిగుడ్డ సుమారు 25 డిగ్రీలవరకు చల్లబడగలదు. కుండలోని నీరు చల్లగానుండుటయు, వెనుకటి లారీల ముందు వ్రేలాడుచుండిన కాన్వాసు సంచిలోని నీరు దారి పొడవున చల్లబడుచుండుటయు ఈ సూత్రమువలననే. మెడచుట్టును తలపైనను తడిపిన తువాలు వేసికొన్న డ్రైవరు ఈ కుండ విద్యనే తన దేహమునకు అన్వయించుకొన్నవాడు. తువాలు ఆరకమునుపే మరల తడుపుట ముఖ్యము. ఆరిన తువాలు ఎండను ఆపును గాని చలువ నీయదు.

కాని అదే లారీ కోదాడ దాటి కృష్ణాతీరపు పల్లమునకు దిగినపుడు లెక్క మారును. అక్కడ గాలి వేడి 38 డిగ్రీలే కావచ్చును; తేమ నూటికి అరువదిపాళ్లుండవచ్చును. అప్పుడు తడిగుడ్డ 31 డిగ్రీలకంటె దిగువకు పోజాలదు. చెమట కారును గాని ఆరదు. అంకె తగ్గినది గదాయని ఊపిరి పీల్చుకొన్న డ్రైవరు అంతకంటె ఎక్కువ అలసిపోవుటకు కారణమిదియే. మెట్టలో నీరు తరుగుట, పల్లములో వేడి చిక్కుబడుట – ఒకే దారిలో రెండు విధములైన అపాయములు పొంచియున్నవి.

మెట్టయెండ మోసమొకటి చెప్పవలెను. కిటికీ తెరచి వేగముగా పోవునపుడు పుట్టిన చెమట పుట్టినట్లే ఆరిపోవును. చొక్కా తడియదు. “నాకు చెమటయే పట్టలేదు, నీళ్లెందుకు?” అని డ్రైవరు అనుకొనును. గంటకు ముప్పాతిక లీటరో, లీటరో నీరు గాలిలో కలిసిపోయినదని అతడెరుగడు. దాహము ఆలస్యముగా తెలియును. దేహపు బరువులో నూటికి రెండుపాళ్లు, అనగా అరువది కిలోలవానికి సుమారు ఒకటింబాతిక లీటరు, నీరు తరిగినచో ఏకాగ్రత సడలుట మొదలగును. ఎదుటిబండి వెనుకదీపము వెలిగినది కనబడును. కాలు బ్రేకుపైకి పోవుటకు క్షణము జాగగును. రహదారిపై ఆ క్షణమే ప్రాణము. కావున దాహమునకై వేచియుండక, ఇరువది నిమిషముల కొకసారి ఒక గ్లాసుడు నీరు త్రాగుట మేలు. మూత్రపు రంగు ముదిరినచో నీరు చాలలేదని తెలిసికొనవలెను.

ఫ్యాను విషయమున కూడ ఇదే సూత్రము. క్యాబినులోని చిన్న ఫ్యాను చెమట ఆరుటకు తోడ్పడునంతవరకే మేలు. దేహములో నీరు తరిగి, చర్మము పొడిబారినవానిపై 43 డిగ్రీల గాలి విసరుట నిప్పుకు విసరినట్లే. ముందు నీరు, తడి, పిమ్మట గాలి.

చెమటతో ఉప్పును పోవును. గంటలకొలది చెమటోడ్చినవాడు కేవలము నీరే కడుపునిండ త్రాగుచుండుట మంచిది కాదు. ఉప్పువేసిన పలుచని చల్ల, జొన్న అంబలి, గంజి మన పల్లెలలో ఏనాటినుండియో ఉన్నవి. దాబాలో అవి దొరకనినాడు లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపుకొన్నచో చాలును. రక్తపుపోటు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడిగి చేయవలెను. కల్లు, బీరు చలువచేయునని కొందరి నమ్మకము. మద్యము దేహమునుండి నీటిని వెళ్లగొట్టును, తెలివిని మందగింపజేయును. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకొన్న వడదెబ్బ తగులదనుట కూడ నమ్మకమే. ఉల్లిగడ్డను అంబలిలో నంజుకొనుట మేలు.

పందెగాండ్ర జట్టులు మంచు కొనుటకు ముందు మరియొక పని చేయుదురు. కారులోనికి వేడి ఎటు వచ్చుచున్నదో వెదకుదురు. ఇంజనునకును మనిషికిని నడుమనున్న రేకులో చిన్నచిన్న రంధ్రములను మూయుదురు. సైలెన్సరు గొట్టము సాగు చోట నేలపై వేడిని ఆపు పట్టను పరతురు. ముందునుండి చల్లగాలి వచ్చుటకు ఒక త్రోవ, వేడిగాలి వెనుకకు పోవుటకు ఒక త్రోవ ఏర్పరుతురు. పాతలారీలకు, బస్సులకు ఈ మరమ్మతులన్నియు సాధ్యములే. బానెట్టు అంచున చినిగిపోయిన రబ్బరుపట్టీని మార్చుటకు పెద్ద సొమ్ము అక్కరలేదు.

ఎండకు అలవాటుపడుట అను సంగతి కూడ కలదు. వేడిలో పనిచేయుట మొదలిడిన ఒకటి రెండు వారములలో దేహము నేర్చుకొనును. చెమట ముందుగా పట్టును, అందులో ఉప్పు తగ్గును. కావున వేసవిలో సెలవునుండి తిరిగివచ్చినవాడు, క్రొత్తగా బండియెక్కినవాడు మొదటివారమున అందరికంటె బలహీనుడు. అట్టివానికి మొదటనే మధ్యాహ్నపు దూరప్రయాణము అప్పగింపరాదు.

ఇక ముఖ్యవిషయము. దీర్ఘపందెములనుండి మనము నేర్వవలసినది మంచుబనియను కాదు. దానికంటె పెద్ద పాఠము మరియొకటి కలదు: ఆగవలసిన వేళను డ్రైవరు ఒక్కడే నిర్ణయింపడు. లెమానులో ఏ డ్రైవరును ఆరుగంటల వ్యవధిలో నాలుగుగంటలకు మించి నడుపరాదు. మొత్తము పందెములో పదునాలుగు గంటలకు మించరాదు. సామాన్యుల పందెములలో కూడ బయటనున్న మిత్రుడొకడు రేడియోలో డ్రైవరుతో మాటాడుచుండును. జవాబు తడబడినచో, మలుపుకడ పొరపాట్లు పెరిగినచో, అతనిని దింపి వేరొకని ఎక్కింతురు. ఏలయనగా వేడి మొదట హరించునది వివేకమునే. వేడెక్కిన మెదడు తాను బాగుగనే యున్నానని చెప్పును. 2023 అక్టోబరులో ఖతారులో రాత్రివేళ జరిగిన ఫార్ములా వన్ పందెములో, కఠినమైన శిక్షణ పొందిన డ్రైవర్లే వాంతులతోను, స్పృహ తప్పు స్థితితోను బాధపడిరి. ఆ పిమ్మట ప్రపంచ మోటారు సమాఖ్య నియమమొకటి చేసినది. వేడిని తేమను కలిపి లెక్కించిన సూచిక 31 డిగ్రీలు మించునని తోచినచో ముందుగా ప్రమాదప్రకటన చేయుదురు. కార్లలో చలువసాధనము నమర్తురు. 2025 అక్టోబరులో సింగపూరు పందెమున అట్టి ప్రకటన మొదటిసారి వెలువడినది. మన జిల్లాలలో మేనెలలో ఆ హద్దు ప్రొద్దున పదిగంటలకు ముందే దాటిపోవును. మనకు ప్రకటన చేయువారెవరు?

మన దేశమున నియమములు లేకపోలేదు. 2025వరకు అమలులోనుండిన 1961నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పనిని, అయిదుగంటలకు మించక అరగంట విశ్రాంతిని నిర్దేశించియుండెను. మూడున్నర టన్నులు మించిన మొత్తపు బరువుగల క్రొత్త లారీల క్యాబినులకు చలువయంత్రము తప్పనిసరియని కేంద్రప్రభుత్వము 2023లో ప్రకటించిన నియమము 2025లో అమలునకు వచ్చినది. ఇది మేలైన మార్పు. కాని అంతకుముందు తయారైన లారీలు ఇంకను అనేక సంవత్సరములు మన దారులపై తిరుగును. ఆ బండ్లకు చలువయంత్రము లేదు. వాని డ్రైవర్లకు బయటనుండి మాటాడు జట్టును లేదు.

ఆ జట్టు ఎవరు కాగలరు? లారీలో క్లీనరు, బస్సులో కండక్టరు, ఊరిలో యజమాని, డిపోలో అధికారి, సరుకు దించుకొను వర్తకుడు. “మాట తేడాగా వచ్చుచున్నదన్నా, బండి ఆపు” అని క్లీనరు అన్నపుడు డ్రైవరు కసురుకొనరాదు. సాయంత్రములోగా సరుకు చేరవలెనని ఫోనుపై ఫోను చేయు యజమాని, ఒక్క ఫోనులో “మధ్యాహ్నము పన్నెండునుండి మూడువరకు నీడపట్టున ఆగుము, ఆలస్యమునకు నిన్నడుగను” అన్నచో, అది ఏ మంచుబనియనుకంటెను విలువైన చలువ. దారిలో శుభ్రమైన మరుగుదొడ్లు లేవని నీరు త్రాగుట మానుకొను డ్రైవర్లు, స్త్రీ కండక్టర్లు ఎందరో కలరు. నీళ్లకుండయు, మరుగుదొడ్డియు, నీడయు – ఈ మూడును ఒకచోటనున్నపుడే చలివేంద్రము పూర్తియగును.

ఇన్ని జాగ్రత్తలున్నను ఒకనికి వడదెబ్బ తగిలినచో ఏమి చేయవలెను? మాట తడబడుట, తలతిరుగుట, వాంతి, అర్థములేని కోపము, నడకలో తూలుట – ఇవి గుర్తులు. చర్మము పొడిగానుండవలెనని నియమము లేదు. చెమట కారుచుండగనే వడదెబ్బ తగులవచ్చును. దేహపు వేడి 40 డిగ్రీలు దాటి తెలివి తప్పుచున్నచో నిమిషములు విలువైనవి. 108కి ఫోను చేయుడు. బండి వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, దేహమంతట నీరు పోయుచు విసరుడు. మంచు దొరికినచో మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టుడు. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ముందు చల్లబరచుట, పిమ్మట తరలించుట – క్రమమిది.

2025 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బవలన మరణించినవారి కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సహాయమును నిర్ణయించినది. పోయిన ప్రాణమునకు అది ఓదార్పు. పోకుండ కాపాడుటకు కావలసినవి దీనికంటె చవుక: ఒక కుండెడు నీరు, ఒక తడి తువాలు, చిటికెడు ఉప్పు, మూడుగంటల నీడ, ఆగుమని చెప్పు ఒక మనిషి. ఈ వేసవిలో మీ యింటినుండి ఎవరైనను బండియెక్కుచున్నచో, డీజిలు చూచుకొంటివా యని అడుగునపుడే నీళ్లు పెట్టుకొంటివా యనియు, ఎక్కడ ఆగుదువనియు అడుగుడు.